పొట్ట లేని తెరచాప

మధ్యధరా సముద్రం ఎక్కడుందో నాకు ఇప్పటికీ సరిగా తెలియదు. అది నీలంగా ఉంటుందనీ, ఒడ్డున కొండలుంటాయనీ, కొండల కింద తెల్లటి ఇళ్లుంటాయనీ మాత్రం తెలుసు. మా బావ ఫోన్లో ఒక వీడియో చూపించాడు. ఒక నడివయసు మొగుడూ పెళ్లాం ఒక రోజు తెరచాప పడవలో ఆ ఒడ్డు వెంబడి పోతారు. మర్నాడు అదే ఒడ్డు వెంబడి కారులో పోతారు. నీళ్ల మీద నుంచి ఊళ్లను చూస్తారు, ఊళ్లలో నుంచి నీళ్లను చూస్తారు. మధ్య మధ్యలో ఆగి చేపలు తింటారు. వాళ్లకు వేరే పనేమీ ఉన్నట్టు నాకు కనిపించలేదు.

బావ అంటే చుట్టం కాదు. మాది ఖమ్మంలో టార్పాలిన్లు కుట్టే దుకాణం, తాత కాలం నుంచి సాయిబుల దుకాణం అనే పేరు. అతనిది కారేపల్లి దగ్గర ఒక పల్లె. ముప్పై అయిదేళ్ల కింద అతను వాళ్ల నాన్న మిర్చి కల్లం మీదికి టార్పాలిన్ కొనడానికి వచ్చి, బేరం ఆడుతూ ఆడుతూ నన్ను "బావా" అన్నాడు. బేరం కోసమే అన్నాడని తెలిసినా తగ్గించాను. ఆ తర్వాత ఇద్దరికీ అదే నోటికి అలవాటైంది. అతనికి పెళ్లయ్యాక అతని భార్య నాకు చెల్లె అయింది. ఈ వరసలకు రెండు వైపుల పెద్దల్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు. వాళ్లను ఎవరూ అడగలేదు కూడా.

అతను భద్రాచలంలో సర్కారు నౌకరి చేశాడు. గోదావరి ఎంత ఎత్తున పారుతున్నదో చూసి చెప్పడం అతని పని. ఒడ్డున అంకెలు రాసిన స్తంభాలుంటాయి. వానాకాలంలో గంట గంటకూ ఆ అంకె చూసి ఫోన్లో చెప్పాలి. టీవీలో గంభీరమైన గొంతుతో గోదావరి నలభై మూడడుగులు దాటిందని చెప్తారు కదా, ఆ నలభై మూడు అనే మాట ముందు మా బావ నోట్లో నుంచి వచ్చేది. నలభై మూడుకు మొదటి హెచ్చరిక, నలభై ఎనిమిదికి రెండోది, యాభై మూడుకు మూడోది. హెచ్చరిక పడితే పర్ణశాల వైపు, చర్ల వైపు ఏటి ఒడ్డు ఊళ్లకు కూడా అతనే ఫోన్ చేసేవాడు. సామాన్లు సర్దుకోండి, పశువులను విప్పండి, గుట్ట మీదికి పోండి అని చెప్పేవాడు. ఇరవై ఎనిమిదేళ్లు అదే పని. అన్నేళ్లలో ఒక్కసారి కూడా పడవ ఎక్కలేదు. ఈత రాదు, నీళ్లంటే భయం.

"నీళ్లను చూసుడు నా డ్యూటీ. నీళ్లల్లకు దిగుడు కాదు," అనేవాడు.

రిటైరైన రెండో ఏడు కళ్లకు నీటికాసుల జబ్బు వచ్చింది. వచ్చింది అనకూడదు, ఎప్పుడో వచ్చి కూర్చుంది, అప్పుడు బయటపడింది. ఖమ్మంలో కళ్ల డాక్టరు దగ్గరికి నేనే తీసుకుపోయాను. చూపు పక్కల నుంచి మూసుకుంటూ వస్తుందని, పోయింది తిరిగి రాదని, ఉన్నది ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పలేనని డాక్టరు అన్నాడు. చుక్కల మందు రాసిచ్చాడు. బావ బయటికొచ్చి మెట్లు దిగుతూ, కుడివైపు ఉన్న నా మొహం చూడటానికి మెడ మొత్తం తిప్పాడు. అప్పటికే పక్క చూపు పోయిందని నాకు ఆ మెట్ల మీద అర్థమైంది.

నెల తిరగకుండానే ఫోన్ పట్టుకుని దుకాణానికి వచ్చాడు. మధ్యధరా సముద్రం అంతా చూపించి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

"బావా, నాకు గోదారి గిట్ల చూడాలని ఉన్నది. ఒక రోజు పడవల, ఒక రోజు కారుల."

"నీకు నీళ్ల భయం కదా."

"భయం ఉంటే ఉండనియ్యి. గా ఊళ్లకన్నిటికి ఫోన్లు చేసిన. ఒక్క ఊరు మొఖం చూడలే. ఏటి నడుమ నుంచి చూస్తే అన్ని కనపడ్తయంట. కండ్లు ఉన్నప్పుడే చూడాలె."

అది సూటిగా చెప్పిన మాట.

"మరి తెరచాప ఎందుకు? మోటరు పడవలున్నయ్ కదా పర్ణశాల కాడ," అన్నాను.

"మోటరైనా సరే. తెరచాప ఉంటే ఇంకా మంచిది, చప్పుడు ఉండదు. నీకు కుట్టొస్తదా?"

"టార్పాలిన్ కుట్టెటోనికి తెరచాప ఒక లెక్కనా?" అన్నాను.

ఆ ఒక్క మాట నోట్లోనే పెట్టుకుని ఉంటే ఇప్పుడు ఇది రాయవలసిన అవసరం ఉండేది కాదు.

మా పనిలో ఒక్కటే సూత్రం. టార్పాలిన్‌కు పొట్ట ఉండకూడదు. గుడ్డ ఎక్కడ వదులైతే అక్కడ పల్లం పడుతుంది, పల్లంలో వాన నీళ్లు నిలుస్తాయి, నిలిచిన నీళ్లు ఎప్పుడో ఒకప్పుడు కిందికి దిగుతాయి, కింద ఉన్న మిర్చి నల్లబడుతుంది. మిర్చి నల్లబడితే రైతు మా దుకాణానికి వచ్చి మా తాత దాకా తిడతాడు. అందుకని నాలుగు గుంజలకు టార్పాలిన్ బిగించి కట్టి, మీద ఒక బకెట్ నీళ్లు కుమ్మరించి చూడటం మా నాన్న పెట్టిన పరీక్ష. చుక్క నిలిస్తే కుట్టు మొత్తం విప్పించేవాడు. నా చెంప మీద ఆయన వేళ్లు పడింది కూడా ఎక్కువగా ఆ బకెట్ దగ్గరే. ముప్పై ఏళ్లుగా నా చేతి కుట్టులో చుక్క నిలవలేదు.

తెరచాపను కూడా అలాగే కుట్టాను. లారీల మీద కప్పే మందపు నీలం గుడ్డ తీసుకున్నాను. అంచులు రెండు మడతలు పెట్టి, మడతలో నైలాన్ తాడు పోసి, జానెడు జానెడుకు ఇత్తడి రింగులు కొట్టాను. బావను కుర్చీలో కూర్చోబెట్టి, తెరచాపను నాలుగు గుంజలకు కట్టి, బకెట్ నీళ్లు కుమ్మరించాను. నీళ్లు జారిపోయాయి. గుడ్డ మీద ఒక్క చుక్క నిలవలేదు.

"ఎట్లున్నది?" అన్నాను.

"మంచిగున్నది. తెరచాపకు వాన పరీక్ష ఎందుకు?" అన్నాడు బావ.

అది మంచి ప్రశ్న. నేను చాయ్ తెప్పించాను.

ఏప్రిల్‌లో బయల్దేరాం. కారు నడిపింది చెల్లె. అంతకు ముందు ఏడు బావ రోడ్డు పక్క నుంచి వచ్చిన బర్రెను చూసుకోలేదు. బర్రెకు ఏమీ కాలేదు, కారుకు ఒక లైటు పోయింది. ఆ మర్నాడే చెల్లె డ్రైవింగు స్కూలులో చేరింది. అంగన్‌వాడీ టీచరుగా ముప్పై ఏళ్లు పిల్లలను వరసలో నిలబెట్టిన మనిషి, యాభై ఆరేళ్ల వయసులో కారును కూడా వరసలోనే నడిపేది. స్పీడు నలభై దాటనిచ్చేది కాదు. మొదటి హెచ్చరికకు మూడు తక్కువలో ఉన్నామని బావ ముందు సీట్లో నుంచి చెప్పేవాడు. తెరచాప చుట్ట కారు నెత్తి మీద ఉంది.

భద్రాచలం దాటాక అడవి రోడ్డు మీద పోలీసులు ఆపారు. ఒకతను చుట్టను లాఠీతో తట్టి చూశాడు.

"ఏందిది?"

"తెరచాప సార్," అన్నాను.

"అంటే?"

"పడవకు కడతరు."

"ఇది టార్పాలిన్ కదా. ఇంత టార్పాలిన్ అడవిలకు ఎవరికి తీస్కపోతున్నరు?"

ఆ రోడ్డులో ఆ ప్రశ్న ఎందుకు అడుగుతారో అందరికీ తెలుసు. చెట్ల కింద ఎవరు టార్పాలిన్ కప్పుకుని పడుకుంటారో కూడా తెలుసు. అందుకని కోపం రాలేదు. చుట్ట దింపి రోడ్డు మీద పరిచాం. రోడ్డు రెండు వైపులా నీలంగా నిండింది. చర్ల నుంచి వచ్చే బస్సు ఆగింది. అందులో ఉన్నవాళ్లు దిగి తెరచాప చుట్టూ నిలబడి, ఇది పెళ్లి పందిరని కొందరు, కాదు చేపల చెరువుకు అడుగున వేసేదని కొందరు చెప్పుకున్నారు. చెల్లె కారులోనే కూర్చుని, "మా ఆయనకు కండ్లు పోతున్నయ్ సారూ, ఏరు చూస్తడంట," అంది. పోలీసు బావ వైపు చూశాడు. తర్వాత వంగి, రింగుల కుట్టు వేలితో నొక్కి, వాళ్ల ఊళ్లో మిర్చికి ఇలాంటిదే కావాలని, ధర ఎంతని అడిగాడు. చెప్పాను. ఎక్కువన్నాడు. పొమ్మన్నాడు.

పర్ణశాల రేవులో పడవ మాట్లాడి పెట్టుకున్నాం. పడవ పెద్దాయనకు డెబ్భై పైనే ఉంటాయి. ఇప్పుడు యాత్రికులను మోటరు పడవలో తిప్పుతాడు కానీ, చిన్నప్పుడు తండ్రితో తెరచాప పడవ మీద వెదురు తోలాడట. ఎండాకాలం కింది నుంచి పైకి గాలి కొడుతుందని, తెరచాప ఎత్తితే ఏటికి ఎదురు పోవచ్చని, దించితే ఏరే వెనక్కి తెస్తుందని ఫోన్లో చెప్పింది ఆయనే. నా చుట్ట విప్పి ఒక అంచు నుంచి ఇంకో అంచు దాకా చేత్తో తడుముకుంటూ పోయాడు.

"ఇది తెరచాప గాదు సాయిబూ. కప్పు. ఇంటి మీద ఏస్కో," అన్నాడు.

"ఎందుకు?"

"దీనికి పొట్ట లేదు. గాలి ఏడ కూసుంటది?"

"నా చేతి కుట్టుకు ముప్పై ఏండ్లల్ల పొట్ట రాలే," అన్నాను. గర్వంగానే అన్నాను.

బావ పడవ ఎక్కిన తీరు నాకు గుర్తుంది. రెండు చేతులతో నా భుజం పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని, నదిని చూడటానికి వచ్చినవాడు నదిని చూడకుండా ఎక్కాడు. తెరచాప ఎత్తాం. గాలి ఉంది. గాలి వచ్చి గుడ్డకు తగిలి, మా బకెట్ నీళ్లు జారినట్టే జారిపోయింది. గుడ్డ పటపటమంది. పడవ పక్కకు తిరిగింది, కాసేపు నిలబడింది, ఆ తర్వాత నెమ్మదిగా కిందికే పోయి ఇసుక తిన్నెను ముట్టుకుంది. బయల్దేరిన రేవు మాకు ఎగువన ఉంది. రేవులో చెల్లె కారుకు ఆనుకుని మమ్మల్ని చూస్తున్నది.

"ఇంజిన్ ఏద్దామా సారూ? రెండు గంటల్ల అన్ని ఊళ్లు చూపిస్త," అన్నాడు పెద్దాయన.

"ఏయి పెద్దన్నా. పోదాం," అన్నాడు బావ.

అప్పుడు మాట్లాడవలసిన అవసరం నాకు లేదు. అయినా మాట్లాడాను.

"ఇంజిన్ ఏంది బావా? ఇంత కుట్టి తెచ్చినంక ఇంజిన్ మీద పోతే నా పరువేం కావాలె? తాళ్లు వదులున్నయ్, గంతే. పది దినాలు ఆగు, మళ్ల వద్దాం."

బావ మెడ తిప్పి నన్ను చూశాడు. చాలాసేపు చూశాడు.

"సరే," అన్నాడు.

తా పట్టిన కుందేటికి మూడే కాళ్లంటారు. నాలుగో కాలు పెద్దాయన వేలు పెట్టి చూపించాడు, నేను చూడలేదు. ఇంటికి వచ్చి తెరచాపను ఇంకా బిగించాను. వదులు ఎక్కడా లేకుండా అంచుల్లో కొత్త తాడు పోశాను, రింగులు దగ్గర దగ్గరగా కొట్టాను. పది రోజులన్నది నెల దాటింది. మే చివర్లో మళ్లీ పోయాం. ఈసారి గాలి పెద్దగా ఉంది. బిర్రుగా ఉన్న గుడ్డను గాలి పక్క నుంచి కొట్టేసరికి పడవ ఒక వైపు ఒరిగి నీళ్లు లోపలికి వచ్చాయి. బావ తెరచాప కొయ్యను కావలించుకున్నాడు. పెద్దాయన కత్తి తీసి తాడు కోసేశాడు. పడవ నిలబడింది. ఇంజిన్ తడిసి మొరాయించింది. గెడ వేసుకుంటూ ఒడ్డుకు వచ్చాం.

"వానలు పోయినంక రండి," అన్నాడు పెద్దాయన. నన్ను చూడకుండా బావతోనే అన్నాడు.

కారు వంతు మాత్రం సరిగానే జరిగింది. ఆ మర్నాడు చెల్లె మమ్మల్ని చర్ల దాకా తిప్పింది. రోడ్డు కొన్నిచోట్ల రోడ్డు, కొన్నిచోట్ల రోడ్డు అనే ఆశ. బావ ప్రతి ఊరి బోర్డు దగ్గరా ఆపమనేవాడు. బోర్డుకు ఎదురుగా నిలబడి, మొహం సూటిగా పెట్టి, పేరు పైకి చదివేవాడు. చదివి ఆ ఊరికి ఎన్ని అడుగులకు నీళ్లు వస్తాయో చెప్పేవాడు. ఇది యాభై, ఇది యాభై రెండు, ఇది అరవై వచ్చినా మునగదు అని చెప్పేవాడు. ఊళ్లు అతనికి పేర్లుగా, అంకెలుగా తెలుసు. మనుషుల గొంతులు కూడా తెలుసు.

ఒక ఊళ్లో చాయ్ కొట్టు నడిపే ఆమెను, "యాభై మూడుకు మీకు ఏడిదాకా వస్తయమ్మా నీళ్లు?" అని అడిగాడు.

ఆమె పొయ్యి వెనక గోడ మీద, తన తల కంటే ఎత్తున ఉన్న మట్టి గీత చూపించింది.

"మీరెవరు?"

"ఫోన్ చేసెటోణ్ణి."

"మీరేనా?" అని ఆమె గ్లాసులు కడగడం ఆపి చూసింది. "గంట గంటకు లేపి సావగొట్టెటోళ్లు కదా."

"అవ్."

ఆమె చాయ్‌కి డబ్బులు తీసుకోలేదు. పోయేటప్పుడు, "ఇటు నుంచి ఏం చూస్తరు సారూ, ఇటు మా ఊరి ఈపు. మా గుడి, మా మెట్లు, మా ఇండ్ల దర్వాజాలు అన్ని ఏటి దిక్కే ఉంటయ్," అంది.

"అటు నుంచి వస్తం," అన్నాడు బావ.

నేను కారు దగ్గరికి ముందే నడిచి తలుపు తీసి పట్టుకున్నాను. ఆ మాట నాకు గుచ్చుకుంది. అయినా ఆ రోజుకు నా లెక్క ఒకటే, వానలు పోతే ఇంకా టైముంది. పనివాడికి తన చేతి పని మీద ఉండే నమ్మకం అలాంటిది, ఎదుటివాడి కళ్లను కూడా తన వాయిదాలో కలుపుకుంటుంది.

జూన్‌లో వానలు పడ్డాయి, పడవలు ఆపేశారు. జులైలో గోదావరి వచ్చింది. ఆ వానాకాలంలోనే బావ కళ్లలో ఒత్తిడి పెరిగింది. ఆపరేషను చేశారు. ఆపరేషను బాగా అయిందన్నారు, చూపు మాత్రం నిలవలేదు. డాక్టరు తప్పేమీ లేదు, ముందే చెప్పాడు. నేను భద్రాచలం పోయి చూసి వచ్చేవాణ్ణి. ఒక రోజు బావ సోఫాలో కూర్చుని టీవీ పెట్టుకుని ఉన్నాడు. వార్తల ఆమె వేరే ఏదో చెప్తున్నది, తెర మీద గోదావరి మట్టం నలభై ఆరు అని అరచేతంత అంకె వేశారు.

"బావా, నీళ్లు ఎంత ఉన్నయంట?" అని అడిగాడు.

"నలభై ఆరు," అన్నాను.

"పెరుగుతున్నదా, తగ్గుతున్నదా?"

"రాయలే."

"అడగాలె కదా," అన్నాడు. ఎవరిని అడగాలో చెప్పలేదు. చెల్లె వంటింట్లో నుంచి వచ్చి నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. కుడి కంట్లో వెలుతురు తెలుస్తున్నదని, ఎడమ కంట్లో అది కూడా లేదని ఆమె బయటికి వచ్చాక చెప్పింది. నేను బస్టాండు దాకా నడిచిపోయాను. ఆటో ఎక్కడానికి కూడా మొహం చెల్లలేదు. ఏప్రిల్‌లో రెండు గంటల పని అది. ఇంజిన్ వేసుకుని పోయి ఉంటే అన్నీ చూసి, ఇంటికి వచ్చి, అన్నం తిని పడుకునేవాడు. నా మీద నాకు అసహ్యం వేసింది.

దసరా దాటాక, ఏరు తగ్గాక, ఎవరికీ చెప్పకుండా తెరచాప పట్టుకుని పర్ణశాల బస్సెక్కాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఇదే. అయినా పట్టుకోవడానికి ఇంకేమీ లేదు. పెద్దాయన పడవకు తారు పూస్తున్నాడు.

"తప్పయింది పెద్దన్నా. పొట్ట ఎట్ల పెట్టాలె?" అన్నాను.

ఆయన నన్ను ఆటపట్టిస్తాడని సిద్ధపడి పోయాను. అలాంటిదేమీ చేయలేదు. చేయి కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. అంచుల్లో పోసిన తాడు గుడ్డ కంటే పొట్టిగా ఉండాలని, గుడ్డను కొంచెం కొంచెం కుచ్చి పెడుతూ తాడుకు కుట్టాలని, అప్పుడు నడుమ వదులు మిగులుతుందని, ఆ వదులులోనే గాలి కూర్చుని పడవను లాగుతుందని చెప్పాడు. గుడ్డ కూడా పలచనిది తెచ్చుకోమన్నాడు. ఆయన చెప్పిన తప్పు నా దుకాణంలో ఇంకెవరు చేసినా నేను కుట్టు మిషను మీద నుంచి లేపి పంపేసేవాణ్ణి. కావాలని ఆ తప్పు చేయడానికి నాకు వారం పట్టింది. వేళ్లు ఒప్పుకోలేదు. కుచ్చు పెట్టిన ప్రతిసారీ బొటనవేలు దానంతట అదే గుడ్డను సరిచేసేది. విప్పి మళ్లీ కుట్టేవాణ్ణి. అయిపోయాక గుంజలకు కట్టి చూస్తే నడుమ ఒక బిందెడు నీళ్లు పట్టేంత పల్లం ఉంది. నాన్న ఉంటే ఏమనేవాడో ఆలోచించకుండా చుట్ట చుట్టేశాను.

"మళ్ల పోదాం బావా," అని ఫోన్ చేస్తే, "ఏం చూద్దామని?" అన్నాడు. ఆ వెంటనే అతనే, "సరే, ఎప్పుడు?" అన్నాడు.

ఎండలు మొదలై, కింది గాలి తిరిగాక పోయాం. చెల్లె మమ్మల్ని రేవులో దింపి, కారులో ఒడ్డు రోడ్డు వెంబడి వస్తానంది. బావ ఈసారి పడవ ఎక్కుతూ కళ్లు మూసుకోలేదు. పెద్దాయన తెరచాప ఎత్తాడు. గుడ్డ ఒకసారి విదిలించుకుని, నిండింది. చప్పుడేమీ లేదు. రేవు వెనక్కి పోతుంటే పడవ కదిలిందని నాకు తెలిసింది. బావకు ఎలా తెలిసిందో తెలియదు కానీ అతనే ముందు, "పోతున్నం," అన్నాడు.

ఏటికి ఎదురు పోతున్నాం. ఇంత బాగా పోతుందని నేను అనుకోలేదు. బాగా పోతున్న కొద్దీ నాకు ఏడుపు వచ్చింది. ఇదే చెయ్యి, ఇదే గాలి, ఇదే మనిషి. పోయిన ఏడు ఇలాగే కొంచెం వదులు కుట్టి ఉంటే చాలు.

"ఏం కనపడుతున్నది?" అని అడిగాడు బావ.

చూసి చెప్పడం నాకు రాదని అప్పుడు తెలిసింది. "ఎడమ పక్క ఒక గుడిసె. మీద టార్పాలిన్, పాతది, కుట్టు పోయింది. దాని పక్కన ఇంకోటి, పచ్చది, సర్కారు వాళ్లు పంచింది," అన్నాను. ఇంకొంచెం పోయాక, "ఒడ్డు మీద మిర్చి ఆరబోసిన్రు. పక్కన మడిచి పెట్టిన టార్పాలిన్ ఉన్నది, మా దుకాణందే," అన్నాను.

"గోదారి చూపియ్యమంటే నీ గిరాకీ చూపిస్తున్నవ్," అన్నాడు. పెద్దాయన చుక్కాని దగ్గర నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"బావా, నా పొగరు చేసింది ఇదంతా. ఆ రోజు ఇంజిన్ ఏసుకుని పోతే నువ్వు చూసెటోనివి. నేనే వద్దన్న," అన్నాను. సంవత్సరం నుంచి నోట్లో పెట్టుకున్న మాట అది.

కాదులే అంటాడని అనుకున్నాను. మా మధ్య ఎన్నో తప్పులు అలాగే పోయాయి.

"అవ్. నువ్వే వద్దన్నవ్," అన్నాడు.



"కోపం ఉన్నదా?" అన్నాను.

"ఉన్నది," అన్నాడు. "ఉంటది కూడా. ఇగ చెప్పు, ఎడమ దిక్కు ఏమున్నది? టార్పాలిన్లు ఇడిసిపెట్టి చెప్పు."

చెప్పాను. తాటి చెట్లు ఎన్నో లెక్కపెట్టి చెప్పాను. మెట్లు ఎన్ని నీళ్లలో ఉన్నాయో, ఎన్ని బయట ఉన్నాయో చెప్పాను. నీలం సున్నం వేసిన ఇల్లు, దాని అరుగు మీద ఎండబెట్టిన బొంత, అరుగు కింద పడుకున్న కుక్క, ఆ కుక్క ఒక చెవి వంగి ఉండటం చెప్పాను. ఇళ్ల దర్వాజాలు నిజంగానే ఏటి దిక్కు ఉన్నాయని చెప్పాను. ఊరి పేరు పెద్దాయన చెప్పాడు. బావ, "యాభై ఒకటికి నడుం లోతు," అన్నాడు. నేను ఆ ఇళ్ల గోడల మీద గీత వెతికాను. అతను చెప్పిన ఎత్తులోనే ఉంది. అది కూడా చెప్పాను. బావ మొహం అటు పెట్టి కూర్చున్నాడు.

ఇంకో వంపు తిరిగాక ఒడ్డున బిందె తోముతున్న ఒకామె లేచి నిలబడి మా తెరచాప చూసింది. తెరచాప ఎత్తిన పడవను ఆమె ఎప్పుడూ చూసి ఉండదు. చెయ్యి ఊపింది.

"ఒకామె చెయ్యి ఊపుతున్నది బావా, మనకే."

బావ వెంటనే చెయ్యి ఎత్తి ఊపాడు. నవ్వుతూ, గట్టిగా, ఎవరూ లేని నది నడిమి వైపు ఊపాడు. నేను లేచి అతని మణికట్టు పట్టుకుని ఒడ్డు వైపు తిప్పాను. అతను చెయ్యి లాక్కోలేదు. నేను పట్టుకున్న చెయ్యితోనే ఊపాడు. కాసేపటికి ఆమె బిందె నింపుకుని, నెత్తిన పెట్టుకుని, మెట్లెక్కి ఇంట్లోకి పోయింది. బావ ఇంకా ఊపుతూనే ఉన్నాడు. నేను ఆ ఒక్కటి చెప్పలేదు.